కొట్టివేతలు

పోస్టుకార్డు కన్నా చిన్న కవరు.
లోపల ఎండిన కామహి పుల్ల,
పుల్లకు అంటుకుని ఏడు నారింజ రంగు విసనకర్రలు,
ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత.
పచ్చిగా ఉన్నప్పుడు వాటి అడుగున
తేనెపట్టు గదుల్లా కన్నాలు.
హోకిటికా పిల్లలు పింగ్‌పాంగ్ బ్యాట్లంటారు,
వాన ఆడుకుని వదిలేసి పోయినవి.

కవరు మీద మూడు చేతిరాతలు.
ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత:
శిలీంధ్రాలదీ మన పద్ధతే.
ఫావొలాస్కియా ఇంటిపేరు, దాని జోలికెవరూ పోలేదు.
తగువంతా రెండో మాట మీదే.
నీలి సిరాతో కలోసెరా. కొట్టేశారు.
పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం. దాన్నీ కొట్టేశారు.
ఆ కింద ఎల్స్‌పెత్ రాత, క్లాడోపస్,
కదులుతున్న బస్సులో రాసినట్టు
ఒక పక్కకి ఒరిగి.

దూరాన మడగాస్కర్‌లో దొరికినదానికి ఎవరో పేరు పెట్టారు.
ఈ దీవుల్లో కనబడ్డాక ఇదీ అదేననుకున్నారు.
చాలా ఏళ్ళకి జన్యువులు చదివినవాళ్ళు
అది కాదు, దాని దాయాది అన్నారు.
పేరు మారిన రోజున
కనియేరి సరస్సు గట్టు మీద
ఒక్క గొడుగూ తల తిప్పి చూడలేదు.

పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయంటాం
ట్యూషన్ సెంటర్లని, చీటీల కంపెనీలని.
పుట్టగొడుగులే అలా పుట్టుకొస్తే
దేనితో పోల్చాలో మనకీ తోచదు.

ఎల్స్‌పెత్ గ్రీవ్ స్కూలు బస్సు నడిపి రిటైరైంది.
పదకొండేళ్ళుగా వారానికి రెండు కాలిబాటలు.
రాలిన కొమ్మని తిరగేస్తుంది,
లెక్కపెడుతుంది, రాస్తుంది,
పసిపిల్లని పడుకోబెట్టినట్టు మళ్ళీ అలాగే పెడుతుంది.
తేదీ, చోటు, చెట్టు, ఎన్ని.
చివరి గడి: ఎలా వచ్చింది?
ప్రతి పేజీలోనూ ఆ గడిలో ఒకటే మాట: తెలియదు.

"ఈ దుంగ మీద ఇదివరకు
బూడిద రంగువి ఉండేవి, గుండుసూది తలలంత,"
అంది ఒకసారి రాహెరా.
"వాటి పేరు?"
"పెట్టలేదు. పెట్టేలోపు ఇది వచ్చింది."

ఆ తర్వాత థర్మాస్ మూత తిప్పుతూ తనే నవ్వింది:
"మీవాళ్ళు ఓడ దిగినప్పుడు మావాళ్ళూ
ఇలాగే లెక్కపెట్టుకుంటూ కూచుని ఉంటారు.
ఇదే నయం, గొర్రెల్ని తేలేదు."
ఎల్స్‌పెత్ కూడా నవ్వింది,
బిస్కెట్టు విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చింది.

జులై. నాలుగు రోజులుగా వాన.
వంటింటి బల్ల మీద పటం పరిచింది,
పదకొండేళ్ళ చుక్కలూ ఒకచోట చూద్దామని.
మొదటి ఏడు కార్లు ఆపేచోటు చుట్టూ.
రెండో ఏడు వంతెన దాకా.
మూడో ఏడు, ఎందుకో, ఏరు దాటి
ఎవరూ పోని గుట్ట మీదికి.

ఎవరూ పోని.
ఆ ఏడు తను పోయింది.
మాహోయె చెట్ల కింద దారి తప్పి
టూయీ పిట్ట వెక్కిరిస్తుంటే
చీకటిపడ్డాక దిగొచ్చింది.

వేలు పెట్టి ఒక్కొక్క ఏడూ వెదికింది.
మోకాలి ఆపరేషనైన ఏడు
ఒక్క కొత్త చుక్క లేదు.

నేను చూశాను గనక కనబడిందా?
నేను నడిచాను గనక వచ్చిందా?

వరండాలోకి పోయి బూటు బోర్లించింది.
అడుగు గాళ్ళలో బురద, పిడచకట్టిన ఆకు.
టీ స్పూనుతో గీకి సాసర్లో వేసింది,
దీపం దగ్గర పెట్టి చూసింది.
బురదే. ఆకే.
కంటికి ఆనేంత పెద్దవి కావు ఆ విత్తులు.
గాలి కూడా మోస్తుంది కదా, అనుకుంది.
పిట్ట కాళ్ళు. కట్టెల లారీ. వేటగాళ్ళ కుక్క.
అన్నీ నిజమే, ఏదీ సరిపోలేదు.

రాత్రి మొదటి నోటుబుక్కు తీసింది.
మొదటి పేజీ, చివరి గడి.
తెలియదు మీద ఒక గీత గీసింది.
పైన ఏం రాయాలో తోచక
పెన్నుకి మూత పెట్టేసింది.

ఆ గీత కింద మాట
ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.